హిట్లర్ అడ్డుపడకపోయి ఉంటే? జర్మన్ జెట్ ఫైటర్ల ‘అయి ఉంటే’ లెక్కలు

మెస్సర్‌ష్మిట్-262 యుద్ధంలోకి దిగిన మొదటి జెట్ ఫైటర్. గంటకు 870 కిలోమీటర్ల వేగం. అమెరికన్ ఫైటర్లలో మేటి అనిపించుకున్న మస్టాంగ్ కంటే 150 కిలోమీటర్లకు పైగా ఎక్కువ. ముక్కులో 30 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగు. ఇలాంటి విమానం చేతిలో ఉండి కూడా జర్మనీ ఎందుకు ఓడింది అని అడిగితే, యుద్ధ చరిత్ర వీడియోల్లో తరచూ వినిపించే జవాబు హిట్లర్ మొండితనం. ఫైటర్‌గా పుట్టిన విమానానికి బాంబులు తగిలించమన్నాడట, దాంతో ఏడాది పోయిందట, లేకపోతే ఆకాశం జర్మనీదే అయ్యేదట.

చెప్పుకోవడానికి బాగుండే కథ. తప్పంతా ఒకే మనిషి మీదకు పోతుంది, ఆ మనిషి కూడా ఎవరూ వెనకేసుకురాని మనిషి. కానీ తేదీలు వరసగా పేర్చి చూస్తే ఈ కథకు కాళ్లు నిలవవు.

‘అయి ఉంటే’ అని అడగడానికీ ఒక పద్ధతి ఉంది

జరిగిన చరిత్రలో ఒక్క విషయాన్ని మార్చి, ఆ తర్వాత ఏమయ్యేదో ఊహించడాన్ని ప్రత్యామ్నాయ చరిత్ర అంటారు. కథ రాసేవాళ్లకు ఇందులో ఎంత స్వేచ్ఛ అయినా ఉంటుంది. చరిత్రకారులు మాత్రం రెండు మూడు కట్టుబాట్లతో ఆడతారు. మార్చే విషయం ఆనాటి మనుషులకు నిజంగా సాధ్యమైనదై ఉండాలి. 1941లో ఎవరికీ తెలియని సంగతిని 1941 వాళ్ల చేత చేయించకూడదు. ఒకచోట ఎక్కువ ఖర్చు పెట్టిస్తే అది ఇంకెక్కడ తగ్గిందో చూపించాలి. అన్నిటికంటే ఎక్కువగా మర్చిపోయేది ఇంకొకటి: మనం ఒక పక్షం ఎత్తు మార్చినప్పుడు ఎదుటి పక్షం చేతులు కట్టుకుని కూర్చోదు.

ఇక హిట్లర్ ఆజ్ఞ దగ్గరకు వద్దాం.

బాంబుల ఆజ్ఞ: తేదీలు ఏం చెబుతున్నాయి

262 మొదటి నమూనా 1941 ఏప్రిల్ 18న ఎగిరింది. అయితే జెట్ ఇంజన్లతో కాదు. అవి ఇంకా సిద్ధం కాకపోవడంతో ముక్కులో మామూలు పిస్టన్ ఇంజన్, ప్రొపెల్లర్ పెట్టి ఎగరేశారు. 1942 మార్చి 25న బీఎండబ్ల్యూ జెట్ ఇంజన్లు రెండు తగిలించారు. అదృష్టం బాగుండి ప్రొపెల్లర్‌ను పీకేయలేదు. గాల్లోకి లేచిన కాసేపటికే జెట్లు రెండూ చేతులెత్తేస్తే, పైలట్ ఫ్రిట్జ్ వెండెల్ ఆ పాత పిస్టన్ ఇంజన్ పుణ్యాన కిందికి దిగాడు. పూర్తిగా జెట్ బలంతో ఎగిరింది 1942 జులై 18న, లైప్‌హైమ్‌లో, యుంకర్స్ కంపెనీ జూమో-004 ఇంజన్లతో.

ఫైటర్ దళాల అధిపతి అడాల్ఫ్ గాలండ్ 1943 మే 22న దాన్ని స్వయంగా నడిపి, వెంటనే తయారీ మొదలుపెట్టాలని పట్టుబట్టాడు. హిట్లర్ దాన్ని చూసింది అదే ఏడాది నవంబర్ 26న, ఇన్‌స్టర్‌బుర్గ్‌లో. బాంబులు మోయగలదా అని అడిగాడు, విల్లీ మెస్సర్‌ష్మిట్ మోయగలదన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆ పని గట్టిగా పట్టించుకోలేదు. 1944 మే 23న జరిగిన సమావేశంలో విమానాలన్నీ ఫైటర్లుగానే తయారవుతున్నాయని తెలిసి హిట్లర్ మండిపడ్డాడు. బాంబర్‌గానే చేయాలన్న కచ్చితమైన హుకుం వచ్చింది అప్పుడు.

అంటే పేచీ ముదిరింది 1944 మేలో. అదే ఏడాది నవంబర్‌కల్లా ఆ ఆజ్ఞ సడలిపోయింది. మధ్యలో కూడా ఫైటర్ ప్రయోగ దళం పని ఆగలేదు. నష్టం జరగలేదని కాదు. శిక్షణ గందరగోళమైంది, మొదటి విమానాల్లో చాలావరకు బాంబర్ దళానికి వెళ్లాయి. కానీ ఆ నెలల్లో అసలు కొరత ఇంజన్లది. విమానం ఒళ్లు సిద్ధంగా ఉండి, రెక్కల కింద వేలాడాల్సినవి లేక ఫ్యాక్టరీలో ఎదురుచూస్తుంటే, దాన్ని ఫైటర్ అన్నా బాంబర్ అన్నా ఒకటే.

హిట్లర్ ఆలోచనలో తర్కమే లేదనడం కూడా సరికాదు. ఫ్రాన్స్ తీరంలో మిత్రరాజ్యాల సైన్యం దిగబోతోందని అందరికీ తెలుసు. దిగిన మొదటి గంటల్లో, కాపలా ఫైటర్లకు అందని వేగంతో దూసుకొచ్చి ఒడ్డు మీద బాంబులు వేసే విమానం కావాలనుకోవడం పిచ్చితనం కాదు. అయితే 262లో అంత వేగంలో గురి చూసి బాంబు వేసే సాధనం లేదు. కావలసింది మరో విమానం.

ఈ నింద ఇంత బలంగా ఎందుకు నిలిచిందంటే, యుద్ధం తర్వాత జ్ఞాపకాలు రాసుకున్నవాళ్లలో గాలండ్ ఉన్నాడు, ఆయుధాల మంత్రి ఆల్బర్ట్ స్పేర్ ఉన్నాడు. చనిపోయిన నాయకుడి మీదకు తోసేస్తే బతికున్నవాళ్ల నిర్ణయాల గురించి ఎవరూ అడగరు కదా.

అసలు ముడి: రెక్కంత లోహపు ముక్క

జెట్ ఇంజన్ సూత్రం సులువు. ముందు నుంచి గాలి పీల్చి, నొక్కి, అందులో ఇంధనం కాల్చి, ఆ వేడి గాలిని వెనక్కి వదలడం. పోతూ పోతూ ఆ వేడిగాలి ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రమే ముందుండి గాలిని నొక్కే కంప్రెసర్‌ను నడుపుతుంది. ఆ చక్రం టర్బైన్. దాని అంచు చుట్టూ ఉండే చిన్న రెక్కలు 700 డిగ్రీలు దాటిన వేడిలో నిమిషానికి 8,700 సార్లు తిరగాలి. ఆ వేడిలో మామూలు ఉక్కు మెత్తబడుతుంది, తిరిగే బలానికి మెల్లగా సాగుతుంది, ఆఖరికి తెగుతుంది. సాగకుండా ఉండాలంటే నికెల్, క్రోమియం, కోబాల్ట్, మాలిబ్డినం లాంటివి దండిగా కావాలి.

జర్మనీకి లేనివి అవే. నికెల్ ఫిన్లాండ్‌లోని పెట్సామో నుంచి, మాలిబ్డినం నార్వేలోని క్నాబెన్ గని నుంచి వచ్చేవి. క్రోమియం కోసం టర్కీ వైపు చూడాలి. క్నాబెన్ మీద 1943లో బాంబులు పడ్డాయి, టర్కీ 1944 ఏప్రిల్‌లో ఎగుమతి ఆపేసింది, ఆ శరదృతువులో పెట్సామో చేజారింది. బ్రిటన్‌కు ఈ బెంగ లేదు. కెనడా నికెల్ ఉంది, దానితో చేసిన నైమోనిక్ అనే మిశ్రమ లోహం ఉంది.

జూమో ఇంజన్ రూపకర్త అన్సెల్మ్ ఫ్రాంజ్ పని రెండు దశల్లో చేశాడు. మొదటి రకం, 004-ఎ, లోహాల కొరతను పట్టించుకోకుండా చేసింది. ముందు ఇంజన్ నడవాలి, పొదుపు సంగతి తర్వాత. 1942 జులైలో ఎగిరింది దానితోనే. రెండో రకం, 004-బి, పెద్ద ఎత్తున తయారీకి. ఇందులో మంట మండే గదులను మామూలు ఉక్కు రేకుతో చేసి పైన అల్యూమినియం పూత పూశారు. టర్బైన్ రెక్కల్ని లోపల డొల్లగా చేసి గాలితో చల్లబరిచారు. నికెల్ అసలు లేని, మాంగనీస్‌తో కూడిన క్రోమదూర్ అనే లోహం కూడా వాడకంలోకి తెచ్చారు. ఇంజనీరింగ్‌గా చూస్తే గొప్ప పనే. ఏమీ లేని ఇంట్లో విందు వండినట్టు.

ఆ ఇంజన్ ఆయుష్షు మాత్రం 25 గంటలు, చాలాసార్లు అది కూడా లేదు. ఇంజన్ బలం పెంచే మీటను (థ్రాటిల్) పైలట్ గబుక్కున తోస్తే ఇంజన్ విపరీతంగా వేడెక్కేది, లేదా ఆరిపోయేది. అందుకే దిగేటప్పుడు వేగం తగ్గిన 262ను వేటాడటం సులువని మిత్రరాజ్యాల పైలట్లు కనిపెట్టి, ఎయిర్‌ఫీల్డ్‌ల దగ్గరే కాపు కాశారు.

1943 వేసవిలో ఇంకో చిక్కు వచ్చింది. పూర్తి వేగంలో టర్బైన్ రెక్కలు విరిగిపోతున్నాయి. ఆరు మండే గదుల నుంచి వచ్చే గాలి దెబ్బలు, రెక్కల సహజ కంపనంతో శ్రుతి కలుస్తున్నాయని అనుమానం. రెక్క ఏ స్థాయిలో మోగుతుందో తెలుసుకోవడానికి స్వరజ్ఞానం ఉన్న ఒక సంగీతకారుడిని పిలిపించి, వయొలిన్ కమానుతో రెక్కల్ని మీటించి విన్నారని ఫ్రాంజే తర్వాత చెప్పాడు. చివరికి రెక్కను కాస్త పొట్టి చేసి, ఆకారం మార్చి, ఇంజన్ వేగాన్ని 9,000 నుంచి 8,700 చుట్లకు తగ్గించారు. సమస్య తీరింది, ఏడాది చివరికొచ్చింది. హిట్లర్ బాంబుల గురించి అడిగిన నవంబర్ సరిగ్గా అదే సమయం.

హైంకెల్ ముందే సిద్ధంగా ఉందా?

రెండో ‘అయి ఉంటే’ హైంకెల్ కంపెనీది. ప్రపంచంలో మొదటిసారి టర్బైన్ జెట్‌తో ఎగిరిన విమానం హైంకెల్-178. 1939 ఆగస్టు 27, అంటే యుద్ధం మొదలవడానికి అయిదు రోజుల ముందు. ఆ ఇంజన్ హాన్స్ ఫాన్ ఓహైన్‌ది. 1941 వసంతంలోనే ఈ కంపెనీ రెండు జెట్ ఇంజన్ల ఫైటర్ హైంకెల్-280ను ఎగరేసింది. 262 పూర్తి జెట్‌గా ఎగరడానికి ఏడాదికి పైగా ముందు. 1943 మార్చిలో విమానశాఖలో కీలక అధికారి ఎర్హార్డ్ మిల్ష్ దాన్ని రద్దు చేశాడు. దాన్నే ముందు తీసుకుని ఉంటే?

ఈ ప్రశ్నకు బలం ఉంది. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు నిజంగా ప్రాణం కాపాడిన మొదటి సందర్భం ఈ విమానంలోనే, 1942 జనవరి 13న. ముక్కు చక్రం కూడా మొదటి నుంచీ ఉంది. 262 మొదటి నమూనాలకు అదీ లేదు. తోక నేల మీద ఉండేది కాబట్టి తోక పైకి లేవడానికి పైలట్ పరుగు మధ్యలో బ్రేక్ నొక్కాల్సి వచ్చేది!

కానీ దారి ఇక్కడా ఇంజన్ దగ్గరే ఆగుతుంది. హైంకెల్ సొంత ఇంజన్ అనుకున్న బలాన్ని ఎప్పుడూ నిలకడగా ఇవ్వలేదు. జూమో ఇంజన్ తగిలిస్తే చిన్న విమానానికి అది బరువైంది, ఇంధనానికి చోటు తక్కువ, తోక అదిరేది. ఒకవేళ జూమోతోనే నడపాలంటే అది 262తో సమానంగా 1944 దాకా ఆగాల్సిందే. అప్పుడు పెద్ద విమానాన్ని వదిలి చిన్నదాన్ని ఎందుకు ఎంచుకోవాలి? మిల్ష్ నిర్ణయాన్ని తప్పుపట్టడం నాకైతే కష్టం. తప్పు వెతకాలంటే అంతకు ముందే వెతకాలి. 1940లో ఫ్రాన్స్ గెలుపు ఊపులో, యుద్ధం త్వరలో ముగుస్తుందన్న ధీమాతో, దీర్ఘకాలిక పరిశోధనలు వెనక్కి పోయాయి. ఇంజన్ల మీద అప్పుడే మనుషుల్నీ డబ్బునూ రెట్టింపు పెట్టి ఉంటే కొన్ని నెలలు కలిసొచ్చేవని వాదించేవాళ్లున్నారు. ఈ వాదన మిగతావాటికంటే గట్టిది, ఎందుకంటే ఇది అసలు కొరతను తాకుతుంది.

పిస్టన్ ఫైటర్ల ‘అయి ఉంటే’లూ చాలానే ఉన్నాయి. 1939 మార్చిలో గంటకు 746 కిలోమీటర్లతో ప్రపంచ రికార్డు కొట్టిన హైంకెల్-100 ఒకటి, రెండు ఇంజన్ల ఫోకె-వుల్ఫ్-187 ఒకటి. రెండింటికీ గొంతు పట్టుకున్నది ఒకటే: డైమ్లర్-బెంజ్ ఇంజన్లు చాలవు, ఉన్నవి మెస్సర్‌ష్మిట్ 109, 110లకే సరిపోవడం లేదు. హైంకెల్-100 కథలో ఒక తమాషా కూడా ఉంది. కొన్ని విమానాలకు రకరకాల దళాల గుర్తులు వేసి ఫొటోలు తీసి, ‘హైంకెల్-113’ అనే కొత్త ఫైటర్ సేవలోకి వచ్చేసిందని జర్మన్ ప్రచార శాఖ నమ్మించింది. 1940లో బ్రిటిష్ పైలట్లు ఆ లేని విమానంతో పోరాడామని రిపోర్టులు కూడా రాశారు.

లెక్క వేసి చూద్దాం: ఎన్ని జెట్లు ఉంటే సరిపోయేవి?

1945 మార్చి 18న బెర్లిన్ మీదకు 1,221 అమెరికన్ బాంబర్లు, 632 కాపలా ఫైటర్లు వచ్చాయి. 37 జెట్లు ఎదుర్కొన్నాయి. 12 బాంబర్లు, ఒక ఫైటర్ కూల్చి, మూడు జెట్లను పోగొట్టుకున్నాయి. నాలుగుకు ఒకటి లెక్కన చూస్తే ఘనవిజయం. వచ్చిన బాంబర్లలో మాత్రం ఒక్క శాతం.

ఎంత నష్టం అయితే దాడులు ఆగుతాయి? 1943 అక్టోబర్ 14న ష్వైన్‌ఫుర్ట్ మీదకు వెళ్లిన 291 బాంబర్లలో 60 కూలాయి, అయిదో వంతు. ఆ దెబ్బకు కాపలా లేని లోతైన దాడులను అమెరికా కొన్ని నెలలు ఆపింది. మనం సగమే, పది శాతమే అనుకుందాం. 1,221లో అది 122. ఆ రోజు రేటు ప్రకారం 37 జెట్లకు 12 అంటే, 122కు దాదాపు 375 జెట్లు ఒకేసారి గాల్లో ఉండాలి. దళంలో ఉన్నవాటిలో సగమే ఏ రోజైనా ఎగరగలవనుకుంటే 750 విమానాలు, 1,500 ఇంజన్లు. యుద్ధం మొత్తంలో తయారైన 262లు సుమారు 1,430. ఆ 375 రోజుకు గంట ఎగిరితే, 25 గంటల ఆయుష్షు లెక్కన నెలకు 900 ఇంజన్లు కేవలం మార్పిడికే కావాలి.

ఇదే లెక్కను 1943 అక్టోబర్‌కు తిప్పండి. బాంబర్లు 291, లోపలిదాకా వచ్చే కాపలా లేదు. పది శాతానికి 90 జెట్లు చాలు. అంటే ‘అయి ఉంటే’కు అత్యంత బలమైన రూపం ఇది: పొదుపు లేని 004-ఎ ఇంజన్లే ఒకటి రెండు వందలు, ఉన్న నికెల్‌తో చేతిపనిగా చేసి, చిన్న దళాన్ని ముందే నిలబెట్టడం. లోహం పరంగా అది అసాధ్యం కాదనే అనిపిస్తుంది. చిక్కేమిటంటే, ఆ అక్టోబర్‌లో జర్మనీ పాత ఫైటర్లతోనే గెలిచింది. జెట్ల అవసరం పడింది 1944 మార్చిలో, మస్టాంగ్‌లు బెర్లిన్ దాకా వెంట రావడం మొదలయ్యాక. అప్పటికి ఆ చేతిపని ఇంజన్లు అరిగిపోయి ఉండేవి, వాటి స్థానంలో రావాల్సిన 004-బి అప్పుడే తయారీలోకి అడుగుపెడుతోంది.

పైలట్లు, పెట్రోలు, సొరంగాలు

1944 జనవరి నుంచి ఏప్రిల్ లోపల పగటి ఫైటర్ దళాలు వెయ్యి మందికి పైగా పైలట్లను కోల్పోయాయని గాలండ్ స్వయంగా నివేదించాడు. ఏడాది మధ్యకు కొత్త జర్మన్ కుర్రాడు 110 గంటల చుట్టూ ఎగిరి యుద్ధానికి వస్తుంటే, ఎదుటివాడు 300 దాటి వస్తున్నాడు. అసలే సున్నితమైన ఇంజన్లు, చేతులు తిరగని పైలట్లు.

ఇంధనంలో మాత్రం జెట్‌కు ఒక మేలు ఉంది. దానికి మేలురకం పెట్రోలు అక్కర్లేదు, డీజిల్ లాంటిది చాలు. 1944 మేలో సింథటిక్ ఇంధన కర్మాగారాల (బొగ్గు నుంచి పెట్రోలు తీసేవి) మీద దాడులు మొదలయ్యాక, ఆ ప్లాంట్ల నుంచి వచ్చే విమాన పెట్రోలు ఏప్రిల్‌లోని 1,75,000 టన్నుల నుంచి సెప్టెంబర్‌కు 5,000 టన్నులకు పడిపోయింది. జెట్ల వైపు వాదించేవాళ్లు దీన్ని చూపిస్తారు, న్యాయమే. అయితే శిక్షణ విమానాలు పెట్రోలుతోనే ఎగరాలి.

ఈ వాదనల్లో అరుదుగా వినిపించేది శ్రమ గురించి. బాంబుల భయంతో తయారీ భూగర్భంలోకి వెళ్లింది. ఆస్ట్రియాలో గూసెన్ దగ్గర బెర్గ్‌క్రిస్టల్ సొరంగాల్లో 262 ఒళ్లు, నోర్డ్‌హౌజెన్ దగ్గర మిట్టెల్‌వెర్క్‌లో జూమో ఇంజన్లు కాన్సంట్రేషన్ క్యాంపు ఖైదీల చేత చేయించారు. వాళ్లలో వేలమంది ఆకలితో, చాకిరీతో, దెబ్బలతో చచ్చిపోయారు. ‘ఇంకో వెయ్యి జెట్లు’ అని ఊహించేవాళ్లు అవి ఎవరి చేతులతో అయ్యేవో కూడా ఊహించాలి.

ఎదుటి పక్షం సంగతి క్లుప్తంగా: బ్రిటన్ జెట్ ఫైటర్ మీటియర్ 1943 మార్చిలో ఎగిరి, 1944 జులైలో సేవలోకి వచ్చింది. జర్మన్ జెట్లు ఏడాది ముందే కనిపించి ఉంటే ఆ పనీ తొందరపడేది. తూర్పున సోవియట్ సైన్యం జెట్లను చూసి ఆగేది కాదు. యుద్ధం 1945 ఆగస్టు దాకా సాగి ఉంటే అణుబాంబు ఉంది. ఆ ప్రాజెక్టును మొదలుపెట్టిందే జర్మనీ భయంతో.

బెంగళూరులో అదే ముడి

ఫోకె-వుల్ఫ్-187 గీసిన ఇంజనీరు కుర్ట్ టాంక్ 1956లో బెంగళూరు వచ్చి, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో మన వాళ్లతో కలిసి మరుత్ ఫైటర్‌ను రూపొందించాడు. 1961 జూన్ 17న అది ఎగిరింది. ఒళ్లు చూస్తే ధ్వనికి రెట్టింపు వేగం కోసం గీసినది. అనుకున్న ఇంజన్ బ్రిటన్‌లో తయారు కావాల్సిన ఆర్ఫియస్-12. దాని అభివృద్ధి ఆగిపోవడంతో బలం తక్కువున్న ఆర్ఫియస్-703 రెండింటితోనే మరుత్ జీవితమంతా గడిపింది. 1971 యుద్ధంలో రాజస్థాన్‌లోని లోంగేవాలాలో నేల మీది లక్ష్యాలను కొట్టడంలో పనికొచ్చింది, ఫైటర్‌గా మాత్రం అనుకున్న వేగం అందుకోలేదు. మొత్తం 147 తయారయ్యాయి. ‘ఆ ఇంజన్ వచ్చి ఉంటే’ అని మన వైమానిక వర్గాల్లో ఇప్పటికీ అనుకుంటారు.

ఆ తర్వాతి మన ఫైటర్ తేజస్‌కు దేశంలోనే చేసే కావేరి ఇంజన్ అనుకుని 1989లో మొదలుపెట్టారు, 2008లో రెండింటినీ విడదీశారు. అమెరికా జీఈ కంపెనీకి 2021లో 99 ఇంజన్ల ఆర్డర్ ఇస్తే, మొదటిది అందింది 2025లో. ఈలోగా విమానాల ఒళ్లు ఇంజన్ల కోసం ఎదురుచూశాయి. టర్బైన్ రెక్క లోహం పని మాత్రం హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో నడుస్తోంది. అక్కడి రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, రెక్క మొత్తం ఒకే స్ఫటికంగా గట్టిపడేలా పోత పోయడం సాధించింది. వేడిలో లోహం సాగడం మొదలయ్యేది స్ఫటికాల అతుకుల దగ్గరే కాబట్టి, అతుకే లేకుండా చేయడం. అలాంటి 60 రెక్కలను 2021లో హెచ్ఏఎల్‌కు (మరుత్ చేసిన సంస్థే, ఇప్పటి పేరు హిందుస్థాన్ ఏరోనాటిక్స్) అందించింది. అవి హెలికాప్టర్ ఇంజన్ కోసం. తేజస్‌కు ఇంజన్ ఇంకా అమెరికా నుంచే వస్తోంది.